రామక్కాళ్ కుట్టిన తెరచాప

ఆండియప్ప నెత్తిమీది గుడ్డల మూటను చెల్లెలి వాకిట్లో దించి, చెమట తుడుచుకుంటూ, "రామక్కా, ఒక పాయి కుట్టాల" అన్నాడు.

రామక్కాళ్ కుట్టు మిషను తొక్కడం ఆపి తలెత్తింది. వాళ్ళింట్లో పాయి అంటే పడుకునే చాప. ఎన్ని తరాలుగా తెలుగు మాట్లాడుతున్నా, కోయంబత్తూరులో పుట్టి పెరిగిన నోళ్ళలో సగం మాటలు ఎప్పుడో తమిళమైపోయాయి.

"పాయి కోరగడ్డితో అల్లుతారు గాని గుడ్డతో కుడ్తారా అణ్ణా?"

"పండుకునే పాయి కాదు మ్మా. పడగు పాయి. గాలికి పడగు పోతాది గదా, దానికి కట్టేది."

"ఎవరి పడగు?"

"నాదే."

పడగంటే పడవ. రామక్కాళ్ అన్న ముఖంలోకి చూసింది. ఎగతాళి చేస్తున్నట్టు లేదు. జ్వరంగానీ ఉందా అని లేచి వచ్చి నుదురు తాకింది. నుదురు చల్లగానే ఉంది. లోపలికి వెళ్ళి చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

ఆండియప్పది మిల్లులో తాళ్ళ పని. కరెంటు ఇంకా అన్ని పనులకూ అందని కాలంలో కింద ఒక పెద్ద ఇంజను తిరిగేది. దాని చక్రం మీదనుంచి మణికట్టంత లావు నూలు తాళ్ళు మూడు అంతస్తులకూ పరుగెత్తి మిషన్లన్నిటినీ తిప్పేవి. తాడు తెగితే మిల్లు ఆగినట్టే. తెగిన రెండు కొసలనూ పోగులు విప్పి, ఒకదానిలోకి ఒకటి అల్లి, ఎక్కడ కలిపారో చేతికి కూడా తెలియకుండా చేయాలి. కాస్త బొడిపె మిగిలినా తాడు గాడిలోనుంచి ఎగిరి పడుతుంది. ఆ పనిని మిల్లులో స్ప్లైసు అనేవారు. ముప్పై ఏళ్ళు ఆండియప్ప అదే చేశాడు. దేశానికి స్వతంత్రం వచ్చిన ఆరేడేళ్ళకు మిషను మిషనుకూ ఒక మోటారు బిగించారు. తాళ్ళు విప్పేశారు. ఆండియప్పకు శాలువా కప్పి, కొంత డబ్బు చేతిలో పెట్టి ఇంటికి పంపారు.

ఆ డబ్బుతో ఇంటికి పెంకులు వేయిస్తాడని అందరూ అనుకున్నారు. విప్పిన పాత తాళ్ళు తూత్తుకుడిలో ఒక వ్యాపారికి అప్పజెప్పి రమ్మని మిల్లువాళ్ళు చివరిసారిగా లారీలో పంపితే, అక్కడ ఒడ్డున బోర్లించి ఉన్న పదహారు మూరల పాత పడవ ఒకటి కొని, అక్కడే ఉంచి తిరిగొచ్చాడు. వాళ్ళ వంశంలో అప్పటిదాకా సముద్రం చూసినవాళ్ళే లేరు.

పడవ కొన్నాక చేతిలో మిగిలింది తక్కువ. అందుకని మిల్లు పారేసేవాటితోనే దాన్ని సిద్ధం చేయాలని ఆండియప్ప పంతం. అంచు చెడిపోయి పక్కన పడేసిన మందపాటి కోరా గుడ్డ తెచ్చాడు. వ్యాపారికి పంపగా మిగిలిన మంచి తాళ్ళు నాలుగు చుట్టలు తెచ్చాడు. పడవ పలకల సందుల్లో కూరడానికి వేస్టు పత్తి, నీళ్ళకు మూతలున్న నూనె డబ్బాలు, కప్పీలకని పాత మిషన్ల చక్రాలు. రామక్కాళ్ వాకిలి పది రోజుల్లో మిల్లు వెనకపక్క దొడ్డిలా తయారైంది.

ఎందుకు అన్నది మాత్రం ఎవరికీ తెలియలేదు. తెలియలేదంటే, ఆండియప్ప చెప్పకపోవడంవల్ల కాదు. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి చెప్పాడు. తిరుచెందూరు మురుగనికి మొక్కు ఉందని పెళ్ళాం ఇరుళాయికి చెప్పాడు. ఉప్పుచేపల వ్యాపారమని టీ అంగడిలో చెప్పాడు. రామేశ్వరం పోయి నాన్నకు పిండం పెట్టాలని మిల్లు మేస్త్రీకి చెప్పాడు. మూడూ ఒకే రోజు రామక్కాళ్ చెవిన పడ్డాయి.

ఇరుళాయి సాయంత్రం వచ్చి గుమ్మంలో కూలబడింది. "మొక్కుకి రైలుండాది గదా. పడగు ఏంటికి? నీకేమైనా చెప్పెనా మీ అణ్ణ? కాషాయం కట్టి సామియారుగా పోతాడేమో అని నాకి బయంగా ఉండాది."

"నాకి ఒగటీ తెలీదు వదినె. పాయి కుట్టమన్నాడు, కుడ్తా ఉండాను."

"నువ్వు కుట్టకుంటే యాడికీ పోడు."

అదీ నిజమే. కానీ రామక్కాళ్‌కు మొగుడు పోయిన ఏడు, మిల్లులో బతిమాలి ఈ కుట్టు మిషను ఇప్పించినవాడు అన్నే. ఆయన కుట్టమన్నదాన్ని కుట్టనని ఎలా చెప్పడం? కుడితే వదిన ఉసురు తగలదా? రెండిటి మధ్యా ఆమె నాలుగు రోజులు సూదిలో దారం ఎక్కించడం, తీయడం తప్ప ఏ పనీ చేయలేకపోయింది.

ఐదోరోజు తాముండే వరస ఇళ్ళ, లైను ఇళ్ళ ముందరి బయలులో ఆండియప్ప సుద్దముక్కతో పెద్ద ముక్కోణం గీశాడు. అన్నాచెల్లెళ్ళిద్దరూ దానిమీద గుడ్డ పరిచారు. గుడ్డకు నాలుగు మూలలా రాళ్ళు పెడుతూ రామక్కాళ్ అడిగేసింది.

"నిజం చెప్పు అణ్ణా. ఏంటికి ఇదంతా?"

ఆండియప్ప గుడ్డ మీదే గొంతుక్కూచున్నాడు. "తూత్తుకుడిలో ఒగ పడగు చూస్తి. పెద్దది, ఉప్పు మూటలేసుకుని. ఇంజన్ లేదు, కరెంటు లేదు. ఒగ గుడ్డ, ఒగ తాడు. అంతే. అంత బరువు, దానంతట అదే పోయె. ముప్పై ఏండ్లు తాడుతోనే ఉంటి గదా నేను. అది ఎట్ల పోయెనో నాకి తెలీలే."

"తెలుసుకునేకి ఒగసారి ఎక్కి దిగితే పోలే?"

"ఒగసారి చాలదు. పోతానే ఉండాల. ఒగ ఊరు పోయి దిగి, మళ్ళా ఇంకొగ ఊరు. మాసమో, రెండు మాసాలో."

"పోయి?"

"పోయి ఏముంది. ఇంకొగ ఊరు."

రామక్కాళ్ మూలన రాయి సరిచేసింది. ఊరు వెళ్ళేది పనిమీద, చావుకో పెళ్ళికో. పని లేకుండా ఊరు తరవాత ఊరు వెళ్ళడం బిచ్చగాళ్ళు చేస్తారు, లేకపోతే దొరలు చేస్తారు. అన్న రెండూ కాదు. ఆమెకు అప్పుడూ అర్థం కాలేదు. అయినా రాళ్ళు తీసి, గుడ్డ మడిచి, మిషను దగ్గరికి తీసుకెళ్ళింది. మొక్కు, చేపలు, పిండం అన్న మాటలకన్నా ఈ అర్థంకాని మాటే నిజమని ఎందుకో అనిపించింది.

తెరచాప కుట్టడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ తరవాత మాసం రోజులకు సరిపడా తిండి కూడా ఆమే సర్దింది. వేయించిన రాగిపిండి, చింతపండు ఉండలు, ఎండబెట్టిన ఉస్తికాయలు, ఉప్పు, మిరపకాయ. పొయ్యికి ఒక డబ్బా సగానికి కోసి, అడుగున ఇసుక పోస్తే పలకలు కాలవని ఆమెకే తట్టింది. ఇరుళాయి గుమ్మం అవతల నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా, ఒక జాడీ నిమ్మకాయ ఊరగాయ లోపల పెట్టి వెళ్ళిపోయింది. కోపమా, సాగనంపడమా? రామక్కాళ్‌కు ఆ జాడీని చూస్తే ఏడుపొచ్చింది.

పొంగలు అయిన పది రోజులకు పోదనూరులో రైలెక్కారు. చెల్లెలు రావాల్సిన పని లేదు. కానీ పడవకు కట్టి చూశాక ఎక్కడైనా సరిచేయాలంటే ఎవరు చేస్తారని ఆండియప్ప పట్టుబట్టాడు. తెరచాప చుట్టను బండి పెట్టెలో ఎక్కించడానికి టికెట్ కలెక్టరుతో గొడవైంది. అది శవం కాదని విప్పి చూపించాల్సి వచ్చింది. దిండిగల్లులో బండి మారి, మదురై దాటి, తెల్లవారి తూత్తుకుడిలో దిగారు.

రామక్కాళ్ సముద్రాన్ని చూసింది. ఇంత ఉంటుందని ఎవరూ చెప్పలేదే అనుకుంది. అటుపక్క గట్టు కనిపించకపోవడం ఆమెకు పెద్ద ఇబ్బందిగా ఉంది. కళ్ళు ఎక్కడ ఆపాలో తెలియలేదు. తల వంచుకుని తన కాళ్ళకేసి చూసుకుంటూ ఇసుకలో నడిచింది.

పడవ దగ్గర సవరిముత్తు కూర్చుని ఉన్నాడు. పడవ అమ్మినవాడు అతనే. అరవై దాటిన మనిషి. కొడుకులిద్దరూ హార్బరులో పనికి చేరిపోయాక, తోడు లేక పడవ ఒడ్డున బోర్లించాడు. తెచ్చిన సామానంతా ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. పత్తి బాగుందన్నాడు, గుగ్గిలం కరిగించి పోస్తే చుక్క నీరు రాదన్నాడు. నూనె డబ్బాలు, ఇసుక పొయ్యి బాగున్నాయన్నాడు. తాడు చేతిలోకి తీసుకుని మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"నూలు తాడు ఉప్పునీళ్ళు తాగి ఉబ్బిపోతుంది. కప్పీలో ఇరుక్కుంటుంది. ఒక వానాకాలంలో కుళ్ళిపోతుంది. సముద్రానికి కొబ్బరి పీచు తాడే" అన్నాడు తమిళంలో.

ఆండియప్ప ముఖం వాడిపోయింది. రెండువందల మైళ్ళకు పైగా మోసుకొచ్చిన తాళ్ళ చుట్టమీద చెయ్యి వేసి కూర్చుండిపోయాడు. ఎన్ని మిషన్లను తిప్పిన తాడు అది!

తరవాత తెరచాప విప్పారు. వెదురు బొంగుకు కట్టి ఎత్తగానే గాలికి అది ఫెళఫెళ కొట్టుకుంది తప్ప నిండలేదు. సవరిముత్తు చూసి, "పొట్ట లేదు" అన్నాడు.

"పొట్టా?" అంది రామక్కాళ్.

"తెరచాపకు పొట్ట ఉండాలమ్మా. ఇది దుప్పటి."

పొట్ట ఎక్కడుంటుందో అతనికి చెప్పడం రాలేదు, చేతులతో గాలిలో వంపు చూపించాడు. తన పాత తెరచాప చింకి ఒకటి తెచ్చి ఇచ్చాడు. రామక్కాళ్ దాన్ని ఇసుకలో పరిచి, మోకాళ్ళమీద పాకుతూ కుట్టు కుట్టునూ వేలితో తడిమింది. పొద్దు నడినెత్తికి వచ్చింది. ఏమీ తెలియడం లేదు. పక్కపక్కన కుట్టిన గుడ్డ పట్టీలన్నీ నేరుగానే ఉన్నాయే! మరి పొట్ట ఎక్కడినుంచి వస్తోంది? కొలిచి చూసింది. కొసల దగ్గర పట్టీలు ఒకదానిమీద ఒకటి బెత్తెడు ఎక్కి ఉన్నాయి, నడుమకు వచ్చేసరికి వేలెడే.

ఆమె గట్టిగా నవ్వేసింది. "అణ్ణా, ఇది రవిక! రవికకి టక్కు పెడ్తాం గదా, అట్ల పెట్టిండారు!"

ఒళ్ళున్నచోట వదలాలి, ఒళ్ళు లేనిచోట పట్టాలి. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళకు రవికలు కుట్టిన మనిషికి ఇంకెవరూ నేర్పాల్సిన పనిలేదు. పన్నెండు రోజుల కుట్టు మొత్తం విప్పి, చేత్తోనే తొమ్మిది రోజుల్లో మళ్ళీ కుట్టింది. తంగేడు చెక్క ఉడికించిన నీళ్ళలో ముంచితే తెల్లగుడ్డ ఇటుకరంగుకు తిరిగింది. కుళ్ళదని అలా ముంచుతారు. ఈలోగా ఆండియప్ప పీచు తాడు కొని, చేతులు కోసుకుపోతున్నా, దాని కొసలు అల్లి చూశాడు. అందరూ ముడి వేసేచోట అతను స్ప్లైసు వేశాడు. ముడి లేని తాడు కప్పీలోనుంచి పాములా జారిపోవడం చూసి సవరిముత్తు పక్క పడవలవాళ్ళను పిలిచి చూపించాడు. ఆండియప్పకు అన్నం సయించింది ఆ రోజే.

ఫిబ్రవరి నడుమ, మాసి నెల పుట్టి, ఉత్తరపు వాడై గాలి తగ్గాక పడవ నీళ్ళలోకి దింపారు. కుట్టిన మనిషి దగ్గరుండి చూస్తే తప్ప ఎక్కడ బిగువో ఎక్కడ వదులో తెలియదని సవరిముత్తు రామక్కాళ్‌ను కూడా ఎక్కమన్నాడు. ఆడవాళ్ళు పడవెక్కడం అక్కడ వాడుక లేదు. ఒడ్డున నలుగురూ నోళ్ళు నొక్కుకున్నారు.

అలలు దాటాక తెరచాప ఎత్తారు. ఒక్క క్షణం ముడతలు పడి, తరవాత నిండింది. నిండుగర్భిణిలా నిండింది. పడవ ఒక పక్కకు ఒరిగి కదిలింది. చప్పుడు లేదు. రామక్కాళ్ కుట్లవైపు చూస్తూ ఎప్పుడు తాడు పట్టుకుందో ఆమెకే తెలియదు. తాడు చేతిని లాగుతోంది, బతికున్న గొడ్డు పలుపును లాగినట్టు.

"అణ్ణా, చూడు!" అని వెనక్కి తిరిగింది.

ఆండియప్ప పడవ అడుగున పడి ఉన్నాడు. ముఖం సున్నం కొట్టినట్టుంది. పొద్దున తాగిన గంజి అంతా కక్కేశాడు. కక్కడానికి ఇంకేం మిగలకపోయినా కక్కుతూనే ఉన్నాడు.

మర్నాడూ అంతే. మూడోనాడు నిమ్మకాయ వాసన చూస్తూ ఎక్కాడు, అంతే. నాలుగోనాడు నీళ్ళు మోకాళ్ళు దాటగానే నిలబడిపోయాడు. "కొందరికి ఎన్నాళ్ళకూ అలవాటు కాదయ్యా" అన్నాడు సవరిముత్తు మెల్లగా.

ఆ మధ్యాహ్నం ఒడ్డున కూర్చుని ఆండియప్ప చెల్లెలితో అన్నాడు: "నువ్వు పో."

"నేను యాడికి పోయేది?"

"నేను పోవాలనుకున్నచోటికి."

"నీకే తెలీదంటివి గదా అది!"

"ఆమా, తెలీదు. అందుకే."

రామక్కాళ్‌కు కోపం వచ్చింది. పడవ ఆయనది, పిచ్చి ఆయనది. వాకిట్లో కుట్టు మిషను మీద గుడ్డ కప్పి వచ్చిన తాను ఎప్పుడో తిరిగెళ్ళాల్సిన మనిషి. నలభై అయిదేళ్ళ విధవ, ఎవరో ముసలాయనతో పడవెక్కి పోయిందంటే లైను ఇళ్ళలో ఏమంటారు? పోనని చెప్పేందుకు నోరు తెరిచింది. కానీ నోట్లోంచి వచ్చిన మాట వేరు. "తోడు ఇంకొగ ఆడమనిషి ఉంటే..." అంది. అన్నాక తానే బిత్తరపోయింది. తాను ఆ మాట ఎందుకంది?

వాళ్ళ మాటలు వింటున్న సవరిముత్తు భార్య ఎండుచేపల గంప దగ్గరినుంచి లేచి, "ఈయనతో ముప్పై అయిదేళ్ళు కాపురం చేశాను, ఒక్కసారైనా ఎక్కించుకున్నాడా? నేను వస్తాను. నా చేపలు దారిలో కీళకరైలో అమ్ముకుంటాను" అంది. సవరిముత్తు బుర్ర గోక్కున్నాడు తప్ప కాదనలేదు. అతనికీ తాడు పట్టే చేయి ఒకటి కావాలి.

వాళ్ళు బయలుదేరే రోజే ఇరుళాయి రైలు దిగింది. మొగుణ్ణి చెయ్యి పట్టి ఇంటికి లాక్కెళ్ళాలని వచ్చింది. ఇసుకలో వాడిపోయి కూర్చున్న మొగుడు, పడవలో తాడు పట్టుకుని ఆడబిడ్డ. ఎవరిని తిట్టాలో ఆమెకు తెలియలేదు.

"ఏంటి ఇది? పోయేది ఎవరు, ఉండేది ఎవరు?"

"నేను బస్సులో పోతాను" అన్నాడు ఆండియప్ప. "పడగు దిగే ఊర్లకంతా. తాడు తెగితే ఎవరు కలుపుతారు?"

"అయితే నేనూ బస్సులోనే" అంది ఇరుళాయి.

అలా సాగింది ఆ ప్రయాణం. పొద్దున్నే ఒడ్డు గాలికి పడవ కదిలేది. పడవలో ముగ్గురు. ఒడ్డు వెంట దుమ్ములో ఒక డొక్కు బస్సు, అందులో ఇద్దరు. వేంబారులో పడవే ముందు చేరింది. తరవాత ఊరికి బస్సు ముందు చేరితే, మొగుడూ పెళ్ళాలు రెండు రోజులు ఒడ్డున కాచుకున్నారు. ఇరుళాయి ఏడ్చి, మొక్కుకుని, చివరికి ఇటుకరంగు తెరచాప చుక్కలా కనిపించగానే నడుము లోతు నీళ్ళలోకి పరుగెత్తి, ఆడబిడ్డను పట్టుకుని నోటికొచ్చినట్టు తిట్టింది. గాలి లేక నిలిచిపోయామని రామక్కాళ్ చెప్పబోయింది. గాలి లేకపోతే పడవ ఎందుకు నిలిచిపోతుందో ఇరుళాయికి చెప్పడం ఎవరి తరమూ కాలేదు.

దిగిన ప్రతిచోటా ఆండియప్ప తాళ్ళన్నీ వేలితో తడిమేవాడు. అరిగినచోట కోసి, అల్లి, కలిపేవాడు. చేస్తూ అడిగేవాడు. "ఎట్లుండె?"

"బాగుండె."

"బాగుండె అంటే? ఎట్ల పోయె?"

రామక్కాళ్ ఆలోచించేది. చెయ్యి లాగడం, నీళ్ళ చప్పుడు, ఒకచోట పడవ పక్కనే తేలి పెద్దగా ఊపిరి విడిచిన జంతువు. దాన్ని సముద్రపు ఆవు అంటారని సవరిముత్తు చెప్పాడు. ఇవన్నీ చెప్పేది. చెప్పినకొద్దీ అన్న కళ్ళలో ఇంకా ఏదో వెతుకులాట కనిపించేది. తను చూసినదే ఆయన అడుగుతున్నాడా, వేరేదా? తనకు దొరికిందే ఆయనకు కావలసిందని ఏముంది? ఆయన కోరిక ఆమె ఒంటిమీదికి ఎవరి రవికో వచ్చినట్టు వచ్చింది. బిగువుగా ఉందో సరిపోయిందో కూడా ఆమెకు తెలియలేదు. రోజూ పొద్దున మాత్రం అందరికన్నా ముందు లేచి గాలి ఎటుందో చూసేది.

మూడు వారాలకు మండపం అనే ఊరు చేరారు. బస్సు అక్కడితో ఆఖరు. ఎదురుగా నీళ్ళమీద రైలు వంతెన, అటువైపు పాంబన్. వంతెన కింద నీళ్ళు ఏటిలా పరుగెడుతున్నాయి. ఆటుపోటు చూసుకుని, తెరచాప కొయ్య వాల్చి దాటాలని, దాటాక గాలి తిరిగేలోగా పడవను వెనక్కి తీసుకెళ్ళాలని సవరిముత్తు చెప్పాడు. అంటే ఇదే ఆఖరు.

ఆండియప్ప పంచె ఎగగట్టుకుని నీళ్ళలోకి దిగాడు.

"రైలుండాది గదా!" అని ఇరుళాయి కేక పెట్టింది.

"నువ్వు రైల్లో రా" అని అతను పడవలోకి ఎక్కి, ఎవరూ చెప్పకుండానే అడుగున వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నాడు.

ప్రవాహం పడవను పట్టుకుంది. రామక్కాళ్ ఒక చేత్తో అన్న భుజం, ఒక చేత్తో పడవ అంచు పట్టుకుంది. అతను పళ్ళు బిగించుకున్నాడు. చెమటలు కారిపోతున్నాయి.

"ఏం కనపడ్తా ఉండాది?" అన్నాడు కళ్ళు తెరవకుండా.

"రైలు పాలం అణ్ణా. నెత్తిమీద ఇనుము. పెద్ద పెద్ద రాతి కాళ్ళు. నీళ్ళు వాటికి కొట్టుకుని తెల్లగా లేస్తా ఉండాయి."

"ఇంజన్ చప్పుడా అది?"

"నీళ్ళ చప్పుడు."

"ఎవరు లాగుతా ఉండారు మనల్ని?"

"ఎవరూ లేరు అణ్ణా. మనమే పోతా ఉండాం."

ఆండియప్ప తల ఊపాడు. ఒకసారి కళ్ళు తెరిచి పైన దాటిపోతున్న ఇనుప దూలాలను చూశాడు. వెంటనే పక్కకు తిరిగి కక్కాడు. నోరు తుడుచుకుంటూ, "సరి" అన్నాడు. "సరి, పోనీ."

పాంబన్‌లో దిగాక అతను ఇసుకలో గంటసేపు పడుకున్నాడు. పడవను సవరిముత్తుకే వదిలేశాడు, తెరచాపతో సహా. రైల్లో తిరిగి వస్తున్నప్పుడు ఇరుళాయి మొగుణ్ణి సూటిగా అడిగింది. "పోయిన పని అయ్యెనా?"

ఆండియప్ప చెల్లెలివైపు చూశాడు. రామక్కాళ్ కిటికీలోంచి బయటికి చూస్తోంది. మానామదురై దాటాక ఎండిన చేలు, తాటిచెట్లు, మేకలు. అయిందో లేదో ఆమెకూ తెలియదు. చేలమీద దుమ్ము లేస్తుంటే, గాలి ఇప్పుడు దక్షిణానికి తిరిగిందని మాత్రం గమనించింది.